రూల్ ఒక్కసారే రాశారు: ఒక కాలేజీ క్యాంపస్‌లో ఐపీవీ6 కేస్ స్టడీ

విజయవాడకు దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన ఫిర్యాదు చాలా చిన్నది. అక్కడ హాస్టళ్లలో రాత్రి పదిన్నర తర్వాత వీడియో, సోషల్ మీడియా, గేమింగ్ సైట్లను ఫైర్‌వాల్‌లో, అంటే నెట్‌వర్క్ గుమ్మంలో ట్రాఫిక్‌కు కాపలా కాసే పెట్టెలో, ఆపేస్తారు. వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచినప్పటి నుంచి అది సగమే పనిచేస్తోంది. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ హాయిగా వస్తున్నాయి. కొన్ని గేమింగ్ సైట్లు మాత్రం ఎప్పటిలాగే రావడం లేదు. పిల్లలు వీపీఎన్ యాప్‌లు (ట్రాఫిక్‌ను సొరంగంలాంటి దారిలో దాచి తీసుకెళ్లేవి) వాడుతున్నారని వార్డెన్లు అనుకున్నారు. ఫోన్లు తీసుకుని చూశారు, మందలించారు, ఒకరిద్దరి ఇళ్లకు కబురు కూడా పంపారు.

నాకు ఆ 'సగం' దగ్గరే అనుమానం వచ్చింది. వీపీఎన్ వాడితే అన్నీ రావాలి, కొన్నే ఎందుకు వస్తాయి? వచ్చే సైట్లు ఒక వరసలో, రానివి ఇంకో వరసలో కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరును అడ్రస్‌గా మార్చే పట్టికలో, ఏ రికార్డులు ఉన్నాయో చూశాను. వస్తున్న వాటన్నిటికీ క్వాడ్-ఏ రికార్డు, అంటే ఐపీవీ6 అడ్రస్, ఉంది. రాని వాటిలో ఒక్కదానికీ లేదు. (ఇంటర్నెట్‌లో పాత అడ్రస్ పద్ధతి ఐపీవీ4, దాని స్థానంలోకి వస్తున్న కొత్తది ఐపీవీ6.) ఇంకా ఫైర్‌వాల్ తెరవనే లేదు, సంగతి చాలావరకు అర్థమైపోయింది.

సిస్టమ్ అడ్మిన్ గారు మొదట ఒప్పుకోలేదు. "మన దగ్గర ఐపీవీ6 వాడట్లేదు సార్" అన్నారు.

"వాడట్లేదు సరేనండీ, ఆపారా?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి అడిగిన ప్రశ్న కాదు అది. నేను వెళ్లిన చాలాచోట్ల ఇదే మాట వింటాను. విండోస్‌లో విస్టా నుంచి ఐపీవీ6 ఆన్ అయ్యే వస్తోంది. లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నీ అంతే. మనం వాడినా వాడకపోయినా ప్రతి కంప్యూటరూ "ఇక్కడ ఐపీవీ6 రౌటర్ ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు "ఉన్నాను" అన్న క్షణం నుంచి అటే వెళ్తుంది. రెండు దారులూ ఉంటే ముందు ఐపీవీ6 దారిని ఎంచుకోవడమే వీటికి మామూలు పద్ధతి.

సెలవుల్లో కాలేజీకి కొత్త లీజ్డ్ లైన్ వచ్చింది. దానితోపాటు సర్వీస్ ప్రొవైడర్ ఒక /48 ఐపీవీ6 బ్లాక్ (కాలేజీ మొత్తానికి సరిపడే అడ్రస్‌ల గుంపు) కూడా ఇచ్చారు. లైన్ పెట్టడానికి వచ్చిన ఇంజినీరు ఆ బ్లాక్‌ను ఫైర్‌వాల్‌లో, క్యాంపస్ నెట్‌వర్క్‌కు నడుమ ఉండే కోర్ స్విచ్‌లో ఎక్కించి, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే చిన్న సందేశం) వెళ్తోందో లేదో చూడటానికి ఐపీవీ6 పాలసీల్లో ఒక రూల్ పెట్టారు: ఎవరైనా, ఎక్కడికైనా, ఏ సర్వీసైనా, అనుమతి. రెండు దిక్కులా. పింగ్ వెళ్లింది, లైన్ పనిచేస్తోందని సంతకాలు అయ్యాయి, రూల్ అలాగే ఉండిపోయింది. ఆ ఫైర్‌వాల్‌లో ఐపీవీ4 పాలసీలు ఒక పేజీలో, ఐపీవీ6 పాలసీలు వేరే పేజీలో ఉంటాయి. మొదటి పేజీలో ఎనభై దాకా రూల్స్ ఉన్నాయి, ఏళ్ల తరబడి జాగ్రత్తగా రాసినవి. రెండో పేజీలో ఆ ఒక్కటే.

ఆ పిల్లలు వీపీఎన్ వాడలేదని, తప్పు నెట్‌వర్క్‌దేనని ఆ సాయంత్రమే వార్డెన్లకు రాసి ఇచ్చాను. కేసులో ఇది సాంకేతిక విషయం కాకపోవచ్చు. కానీ చేయని తప్పుకు ఇంట్లో మాటలు పడ్డ పిల్లలున్నారు, అందుకే ఆ పని ముందు చేశాను.

బయటి నుంచి చూస్తే

హాస్టల్‌లో యూట్యూబ్ రావడం అసలు సమస్య కాదు. ఆ రూల్ రెండు దిక్కులా పనిచేస్తుంది. అంటే లోపలి వాళ్లు బయటికి వెళ్లినట్టే బయటివాళ్లూ లోపలికి రావచ్చు.

ఐపీవీ4లో కాలేజీ కంప్యూటర్లన్నీ ప్రైవేటు అడ్రస్‌ల మీద, నాట్ (లోపలి అడ్రస్‌లను దాచి బయటికి ఉమ్మడి అడ్రస్ చూపించే ఏర్పాటు) వెనక ఉన్నాయి. బయటి నుంచి ఎవరైనా పిలవాలన్నా వాటికి బయట తెలిసే అడ్రస్సే లేదు. ఐపీవీ6లో ఆ పరిస్థితి ఉండదు. ప్రతి కంప్యూటర్‌కూ ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చేరుకోగల సొంత అడ్రస్ వస్తుంది. అది దాని గొప్పతనమే, కానీ కాపలా పెట్టే పని మాత్రం పూర్తిగా ఫైర్‌వాల్ మీద పడుతుంది.

బయటి నుంచి పరీక్షించడానికి పెద్ద ఏర్పాటు ఏమీ అక్కర్లేదు. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 ఎప్పటి నుంచో ఉంది. జియో 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టినప్పుడే దానితో వచ్చింది. అడ్మిన్ గారి దగ్గర సర్వర్ల ఐపీవీ6 అడ్రస్‌లు తీసుకుని, కారులో కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్‌తో స్కాన్ చేశాను.

పరీక్షల విభాగంలోని ఒక విండోస్ కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389, అంటే దూరం నుంచి ఆ కంప్యూటర్‌ను నడిపే తలుపు, జవాబిచ్చింది. పక్క బ్లాక్ నుంచి పని చేసుకోవడానికి వీలుగా ఎప్పుడో ఆన్ చేశారట. కాలేజీ వెబ్ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పోర్టు 3306 కూడా జవాబిచ్చింది. ఆ లైనక్స్ సర్వర్‌లో ఐపీటేబుల్స్ (లైనక్స్ సొంత ఫైర్‌వాల్) రూల్స్ చక్కగా ఉన్నాయి. ఐపీవీ6 కోసం ఉండే ఐపీ6టేబుల్స్ అనేది వేరే, అది ఖాళీ. ఖాళీగా ఉంటే దాని అర్థం 'అన్నీ రానివ్వు' అనే. లైబ్రరీ సర్వర్, రెండు ప్రింటర్లు, ఒక సీసీటీవీ రికార్డర్ కూడా పలికాయి.

ఇక్కడ ఒక వాదన వచ్చింది. ఒక్క /64 సబ్‌నెట్‌లోనే (బ్లాక్‌లోని ఒక చిన్న భాగం) ఎన్ని అడ్రస్‌లుంటాయంటే, పాత ఇంటర్నెట్ మొత్తంలో ఉన్న దాదాపు 430 కోట్ల అడ్రస్‌లను మళ్లీ 430 కోట్లతో గుణించాలి. అంత పెద్ద గడ్డివాములో మా సర్వర్ అనే సూదిని ఎవరు వెతుకుతారు అని ఒక లెక్చరర్ గారు అడిగారు. లెక్క నిజమే, వరసపెట్టి వెతకడం కుదరదు. కానీ వరసపెట్టి ఎవరూ వెతకరు. సర్వర్లకు మనుషులు పెట్టే అడ్రస్‌లు చివర 1, 10, 53, 80 అని ఉంటాయి. కొన్ని పరికరాలు మ్యాక్ అడ్రస్‌నే (తయారీలోనే పరికరానికి ఇచ్చే నంబరు) ఐపీవీ6 అడ్రస్‌లో కలుపుకుంటాయి, కంపెనీ తెలిస్తే సగం అంకెలు తెలిసినట్టే. డీఎన్‌ఎస్‌లో పేర్లుంటాయి. లోపలి కంప్యూటర్ బయటి సైట్‌కు వెళ్లిన ప్రతిసారీ దాని అడ్రస్ ఆ సైట్ లాగ్‌లో పడుతుంది. అడ్రస్ కనిపెట్టడం కష్టమన్న ధైర్యంతో పరీక్షల మార్కులున్న మెషీన్‌ను బయట వదలలేం.

ఆ రాత్రే ఆ రూల్ తీసేశాం. లోపలి నుంచి మొదలైన సంభాషణలకు జవాబులు మాత్రం రావాలి, బయటి నుంచి కొత్తగా ఏదీ రాకూడదు అని పెట్టాం. హాస్టల్ ఫిల్టర్లను ఐపీవీ6 పాలసీలోనూ తగిలించాం.

ఎవరైనా లోపలికి వచ్చారా? ఈ ప్రశ్నకు నేను ప్రిన్సిపాల్ గారికి 'లేదు' అని చెప్పలేకపోయాను. ఆ రూల్‌కు లాగింగ్ ఆన్ చేయలేదు. కాబట్టి వచ్చారనే పద్ధతిలోనే పనిచేశాం. పరీక్షల విభాగం కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం, డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం, సిస్టమ్‌లో ఉన్న ఇంటర్నల్ మార్కులను లెక్చరర్లు సంతకం పెట్టిన కాగితాలతో పోల్చి చూశాం. ముగ్గురు మనుషులకు మూడు రోజులు పట్టింది. తేడా ఏమీ రాలేదు. ఆ మూడు రోజులూ అందరికీ టెన్షనే.

'మొత్తానికి ఆపేయండి' అన్నప్పుడు

మేనేజ్‌మెంట్ నుంచి సహజంగానే ఆ మాట వచ్చింది. ఇంత తలనొప్పి ఎందుకు, ఐపీవీ6 తీసేయండి అన్నారు. నేను వద్దన్నాను, కారణాలు చెప్పాను.

కోర్ స్విచ్‌లో తీసేసినంత మాత్రాన కంప్యూటర్లలో ఐపీవీ6 పోదు. ఒకే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన ఒక విభాగంలో) ఉన్న మెషీన్లు ఆ విభాగం లోపలే చెల్లే లింక్-లోకల్ అడ్రస్‌లతో మాట్లాడుకుంటూనే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, 'ఐపీవీ6 లేని' నెట్‌వర్క్‌లే కొన్ని దాడులకు అనువైన చోటు. 2018 జనవరిలో నెదర్లాండ్స్‌కు చెందిన ఫాక్స్-ఐటీ వాళ్లు ఎంఐటీఎం6 అనే టూల్‌ను విడుదల చేసి సరిగ్గా ఇదే చూపించారు. విండోస్ మెషీన్లు డీహెచ్‌సీపీవీ6 (అడ్రస్, డీఎన్‌ఎస్ వివరాలు పంచే సేవ) కోసం అడుగుతూ ఉంటాయి, జవాబిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. అదే వీల్యాన్‌లోని ఒక లాప్‌టాప్ జవాబిచ్చి 'నీ డీఎన్‌ఎస్ సర్వర్ నేనే' అంటే విండోస్ నమ్ముతుంది. ఇక అక్కడి నుంచి ఏ పేరు అడిగినా దాడి చేసేవాడు చెప్పిన అడ్రస్సే. ప్రతి కంప్యూటర్‌లోనూ తీసేద్దామా అంటే మైక్రోసాఫ్టే అలా చేయవద్దని సలహా ఇస్తుంది. పైగా రెండు వేల మంది విద్యార్థుల ఫోన్లలో ఎవరు తీస్తారు?

ఈ అనుభవం నుంచి నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఇది: మార్పు కాలంలో ప్రమాదం ఐపీవీ6 ఆన్ చేసిన రోజు మొదలవదు. అది లేదనుకుని ఎవరూ చూడని రోజుల్లోనే ఉంటుంది. అందుకే దాన్ని తీసేయడం కాదు, ఐపీవీ4కు ఇచ్చినంత శ్రద్ధ దీనికీ ఇవ్వాలని ఒప్పించాను. ప్రపంచమంతటికీ అడ్రస్‌లు పంచే ఐఏఎన్ఏ దగ్గర ఐపీవీ4 బ్లాక్‌లు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. ఎప్పటికైనా చేయాల్సిన పనే.

మూడో బ్లాక్‌లో చిన్న పెట్టె

పని మొదలుపెట్టిన రెండో వారంలో అమ్మాయిల హాస్టల్ మూడో బ్లాక్‌లో నెట్ విపరీతంగా నెమ్మదించింది. అక్కడి లాప్‌టాప్‌లలో చూస్తే ఐపీవీ6 అడ్రస్ ఉంది, కానీ మా /48 అడ్రస్‌ల బ్లాక్‌కు చెందినది కాదు. ఒక అమ్మాయి గదిలో వైఫై సరిగ్గా అందక ఇంటి నుంచి చిన్న రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించింది. వైరు ల్యాన్ పోర్టులో పెట్టింది. అంతే, ఆ చిన్న పెట్టె 'నేనే రౌటర్‌ని' అని బ్లాక్ మొత్తానికి ప్రకటించడం మొదలుపెట్టింది.

ఐపీవీ6లో ఈ ప్రకటనను రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్ అంటారు, నెట్‌వర్క్ పరికరాలు తమలో తాము పంపుకునే సందేశాల పద్ధతైన ఐసీఎంపీవీ6లో 134వ రకం. అలాంటి ఒక్క ప్యాకెట్ చాలు, వీల్యాన్‌లోని మెషీన్లన్నీ అడ్రస్ తయారు చేసుకుని అటు తిరిగిపోతాయి. నిజమైన రౌటరా కాదా అని ఏదీ అడగదు. ఆ అమ్మాయి పాపం వైఫై కోసం పెట్టింది. చెడు ఉద్దేశంతో పెట్టేవాడికీ ఇంతకంటే శ్రమ అవసరం లేదు.

దీనికి మందు స్విచ్‌లోనే ఉంది. దాని పేరు ఆర్‌ఏ గార్డ్. దాని గురించి ఆర్‌ఎఫ్‌సీ 6105 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వచ్చింది 2011లో. విద్యార్థులు తగిలించే పోర్టుల నుంచి రౌటర్ ప్రకటనలు, డీహెచ్‌సీపీవీ6 సర్వర్ జవాబులు వస్తే స్విచ్ పడేస్తుంది. కొత్త స్విచ్‌లలో రెండు లైన్ల పని. పాత బ్లాకుల్లోని స్విచ్‌లలో ఈ సదుపాయం లేదు, కానీ ఐపీవీ6 యాక్సెస్ లిస్ట్ రాయడానికి వీలుంది. అక్కడ 134వ రకం ఐసీఎంపీవీ6నూ, 546 పోర్టుకు వెళ్లే యూడీపీనీ పోర్టు దగ్గరే ఆపాం.

ఇంత చేశాక ఒక సాయంత్రం ల్యాబ్‌లో మేమే దాన్ని దాటడానికి ప్రయత్నించాం. ప్రకటనను ముక్కలు చేసి, ముందు ఒక ఎక్స్‌టెన్షన్ హెడర్ (అదనపు సమాచారపు తలభాగం) తగిలించి పంపితే, కొన్ని స్విచ్‌లు లోపల ఏముందో గుర్తుపట్టలేక వదిలేశాయి. ఇది తెలిసిన లోపమే, 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7113 దీని గురించే. మొదటి ముక్కలో అసలు హెడర్ కనిపించని ప్యాకెట్లను పడేయమని చెప్పగలిగిన స్విచ్‌లలో అలా చెప్పాం. చెప్పలేని రెండు స్విచ్‌లను మార్చాల్సినవాటి జాబితాలో రాశాం.

మేం చేసిన తప్పు

మొదటి రాత్రి తొందరలో నేను ఐసీఎంపీవీ6 మొత్తాన్నీ ఆపే రూల్‌ను అన్నిటికంటే పైన పెట్టాను. ఐపీవీ4 రోజుల్లో పింగ్ ఆపేస్తే పోయేదేమీ ఉండదన్న అలవాటు. నెల తర్వాత కాలేజీ వెబ్‌సైట్‌కు కావాలనే ఐపీవీ6 రికార్డు ఇచ్చాం. ఆ వారమే హాల్ టికెట్లు. తల్లిదండ్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి: పేజీ తెరుచుకుంటోంది, పీడీఎఫ్ మాత్రం తిరుగుతూనే ఉంటోంది. అందరికీ కాదు, కొందరికే.

ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టకపోతే 'ప్యాకెట్ పెద్దది' అని పంపినవాళ్లకు ఐసీఎంపీవీ6లో తిరిగి చెబుతాయి. ఆ కొందరి ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (లాగిన్‌తో లైన్ కలిపే పద్ధతి) మీద నడుస్తోంది, ఆ దారిలో 1492 బైట్లే పడతాయి. మా సర్వర్ 1500 బైట్ల ప్యాకెట్లు పంపుతోంది, అవతలి రౌటర్ 'పెద్దది' అంటోంది, ఆ మాటను మా ఫైర్‌వాల్ గుమ్మంలోనే ఆపేస్తోంది. చిన్న పేజీలు పడుతున్నాయి, పెద్ద ఫైలు పడటం లేదు. ఐసీఎంపీవీ6లో ఏవి వదలాలి, ఏవి ఆపాలి అన్నది ఆర్‌ఎఫ్‌సీ 4890లో 2007లోనే వివరంగా ఉంది. అది చదివి ఉండీ ఆ రాత్రి పాటించలేదు. రూల్ మార్చిన పది నిమిషాల్లో హాల్ టికెట్లు దిగాయి. కానీ ఆ రెండు రోజులు తిప్పలు పడ్డవాళ్లకు అది నా వల్లే.

లైబ్రరీ, లాగ్‌లు

లైబ్రేరియన్ గారు ఇంకో సంగతి చెప్పారు. ఇంటి నుంచి కాలేజీ వీపీఎన్‌లోకి వచ్చినా కొన్ని జర్నల్ సైట్లు అడ్రస్‌ను బట్టి కాలేజీని గుర్తుపట్టడం లేదని అధ్యాపకులు చాలాకాలంగా అంటున్నారట. కారణం అదే. వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే లోపలికి తీసుకుంటోంది. ఇంట్లో ఐపీవీ6 ఉంటే, ఐపీవీ6 ఉన్న సైట్లకు ట్రాఫిక్ వీపీఎన్‌ను పక్కన పెట్టి నేరుగా వెళ్లిపోతోంది. జర్నల్ రాకపోవడం చిన్న ఇబ్బందే. వీపీఎన్ ఆన్‌లో ఉంది కాబట్టి అంతా భద్రంగా ఉందని నమ్మి బయటి వైఫైలో పనిచేసేవారి సంగతి అలా కాదు. వీపీఎన్ సర్వర్‌కు మా బ్లాక్ నుంచి ఒక /64 ఇచ్చి, రెండు దారులూ సొరంగంలోకే వచ్చేలా చేశాం. మా /48ను జర్నల్ సంస్థలకు రాసి పంపాక క్యాంపస్‌లోనూ ఆ ఇబ్బంది తీరింది.

లాగ్‌ల మీద మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు గడిచాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఉంచుతున్నారు. కానీ స్టూడెంట్ పోర్టల్ డేటాబేస్‌లో ఐపీ అడ్రస్ గడి 15 అక్షరాలది, ఐపీవీ4కు సరిగ్గా సరిపోయేంత. ఐపీవీ6 అడ్రస్ 39 అక్షరాల దాకా ఉంటుంది. టెస్ట్ సర్వర్‌లో చూస్తే సాఫ్ట్‌వేర్ మొదటి 15 ఉంచి మిగతాది కత్తిరించేస్తోంది. ఆ మొదటి భాగం కాలేజీ మొత్తానికి ఉమ్మడి. అంటే లాగ్‌లో వందల మంది ఒక్కరిలాగే కనిపిస్తారు.

ఎవరు ఏ అడ్రస్ వాడారన్నది కూడా అంత తేలిక కాదు. ఐపీవీ4లో డీహెచ్‌సీపీ లీజులు (ఏ అడ్రస్ ఎవరికి ఇచ్చారో ఉండే జాబితా) చూస్తే సరిపోయేది. ఐపీవీ6లో ఫోన్లు, లాప్‌టాప్‌లు సొంతంగా అడ్రస్ తయారు చేసుకుంటాయి, గోప్యత కోసం రోజూ మారుస్తుంటాయి కూడా. ఆ గోప్యత మంచిదే, దాన్ని ఆపాలని నేను ఎప్పుడూ చెప్పను. డీహెచ్‌సీపీవీ6తో ఇద్దామంటే ఆండ్రాయిడ్ ఫోన్లు దాని ద్వారా అడ్రస్ తీసుకోవు. కోర్ స్విచ్‌లోని నైబర్ టేబుల్‌ను (ఏ ఐపీవీ6 అడ్రస్ ఏ మ్యాక్‌దో చూపే పట్టిక) ఐదు నిమిషాలకోసారి తీసి, మ్యాక్, ఐపీవీ6 అడ్రస్, సమయం దాచేలా ఒక స్క్రిప్ట్ రాశాం. వైఫైలో 802.1ఎక్స్ లాగిన్ ఉంది కాబట్టి మ్యాక్ నుంచి యూజర్ పేరు దొరుకుతుంది. లాగిన్ తప్పులు లెక్కపెట్టే చోట బయటి వాళ్ల విషయంలో ఒక్కో అడ్రస్‌ను కాకుండా మొత్తం /64ను ఒక్కరిగా లెక్కించేలా మార్చాం. లేకపోతే ఒకే మనిషి ప్రతి ప్రయత్నానికీ కొత్త అడ్రస్‌తో రాగలడు.

ఐపీవీ6ను ఐపీవీ4లో చుట్టి పంపే పాత సొరంగాల పని అరగంటలో అయిపోయింది: ప్రోటోకాల్ 41, టెరెడో వాడే యూడీపీ 3544 రెండూ గుమ్మంలో ఆపాం. బయటికి వెళ్లే ప్యాకెట్ మా /48 నుంచి వచ్చినదైతేనే వదలాలన్న రూల్ కూడా అప్పుడే పెట్టాం. ఐపీవీ6కు కూడా నాట్ పెట్టమని ఒకరు అడిగారు. నాట్ ఇచ్చిందనుకున్న రక్షణ నిజానికి అందులోని సంభాషణల లెక్క ఇచ్చిందే, ఆ లెక్క ఫైర్‌వాల్ ఎలాగూ రాస్తోందని చెప్పి వద్దన్నాను.

రెండు గడులు

ఇన్నిటిలో ఎక్కువ ఉపయోగపడింది ఒక ఎక్సెల్ షీట్. ఎడమవైపు ప్రతి ఐపీవీ4 రూల్, దాని పక్కన రెండు గడులు: దానికి సమానమైన ఐపీవీ6 రూల్ ఏది, దాన్ని బయటి నుంచి ఎప్పుడు పరీక్షించారు. 'అవసరం లేదు' అని రాయవచ్చు, ఎందుకో కూడా రాయాలి. ఖాళీ మాత్రం ఉండకూడదు. ఎనభై రూల్స్‌లో చాలావాటిని రెండు రకాల అడ్రస్‌లూ ఉన్న ఒకే రూల్‌గా కలిపేశాం. ఆ కలపడంలోనే ఎవరూ వాడని పాత రూల్స్ కూడా బయటపడ్డాయి.

బయోమెట్రిక్ హాజరు మెషీన్లకు ఐపీవీ4 తప్ప తెలియదు, అవి తమ వీల్యాన్‌లోనే ఉన్నాయి. పాత స్విచ్‌లు రెండూ వచ్చే సెలవుల్లో మారతాయి.

మొన్న సీసీటీవీ వాళ్లు కొత్త రికార్డర్ పెట్టడానికి వచ్చారట. పని అయ్యాక అడ్మిన్ గారు ముందు ఫోన్ హాట్‌స్పాట్ మీద బయటి నుంచి, తర్వాత హాస్టల్ వీల్యాన్‌లోంచి, రెండు అడ్రస్‌ల మీదా స్కాన్ చేశారు. బయటి నుంచి ఏదీ పలకలేదు. హాస్టల్ వైపు నుంచి మాత్రం రికార్డర్ లాగిన్ పేజీ ఐపీవీ6 మీద తెరుచుకుంది. ఐపీవీ4 మీద తెరుచుకోలేదు. వీల్యాన్‌ల మధ్య రూల్స్‌లో ఆ రికార్డర్‌కు ఐపీవీ6 రూల్ గడి ఇంకా నింపలేదు. ఆయన ఆ రూల్ రాసి, మళ్లీ స్కాన్ చేసి, తారీఖు వేసి, అప్పుడు వాళ్ల కాగితం మీద సంతకం పెట్టారు.